రాయి అవతల ఓదెలు

ఎప్పుడో, మన తాతల తాతలకు ఇంకా పాలపళ్లు ఊడని కాలంలో, ఒక ఊరు ఉండేది. ఊరికి ఒక పొలిమేర ఉండేది. పొలిమేర మీద ఒక రాయి ఉండేది. ఆ రాయి ఇప్పటికీ ఉంది. నమ్మకపోతే వెళ్లి తడిమి చూసుకోండి.

ఆ ఊళ్లో ఓదెలు అనే కావలికారు ఉండేవాడు. చేలో పశువులు పడితే తోలేవాడు. పటేలు పిలిస్తే పరుగెత్తేవాడు. పిలవకపోతే ఓదెలు అనేవాడొకడు ఉన్నాడన్న సంగతే ఎవరికీ గుర్తుండేది కాదు. భార్య ఏనాడో పోయింది. ఉన్నదల్లా ఒక్క కూతురు, కొమురవ్వ. ఆమెను వాగు అవతలి ఊరికి ఇచ్చాడు.

ఒక ఎండాకాలం వాగు అవతలి ఊళ్లలో గత్తర తగిలింది. గత్తర అంటే మీకు తెలియదు, తెలియకపోవడమే మంచిది. పొద్దున వాంతులు మొదలైతే సాయంత్రానికి పాడె కట్టాల్సిందే. నాలుక పిడచకట్టుకుపోయి, నీళ్లు నీళ్లు అంటూ పోయేవారు మనుషులు. ఈరోజు పాడె మోసినవాణ్ణి రేపు మోయడానికి మనిషి దొరికేవాడు కాదు.

ఈ ఊరు భయపడింది. అందరూ కూడారు. పటేలు నడుమ కూర్చున్నాడు, పెద్దలు చుట్టూ కూర్చున్నారు. పొలిమేరకు కట్టు వేయాలన్నారు. వేపమండలతో తాడు పేని ఊరి చుట్టూ కట్టారు. కట్టుకు మూడు మాటలు పెట్టారు.

మనిషి రావద్దు. మనిషి పోవద్దు. చేతిలోది చెయ్యి మారొద్దు.

మంచి మాటలే. ఊరి మేలు కోరి పెట్టినవే, కాదనను. కాకపోతే మాట పెట్టినవాళ్లు నీడపట్టున కూర్చున్నారు. ఆ మాట నిలబెట్టమని ఓదెలు చేతికి కట్టె ఇచ్చి, ఎండలో రాయి దగ్గర నిలబెట్టారు. కూతురు వాగు అవతలే ఉందని ఓదెలుకు ఆ క్షణమే గుర్తొచ్చింది. ఆయన్ను అడిగినవాళ్లు లేరు. ఆ సంగతి ఆయనా చెప్పలేదు. "అట్లనే పటేలా" అని కట్టె అందుకున్నాడు.

ఒకనాటి పొద్దున పైన గూడు కట్టిన కచ్చడం బండి ఒకటి వచ్చి ఆగింది. బండిలో పటేలు బావమరిది. ఓదెలు కట్టె అడ్డం పెట్టాడు.

"ఒరే ఓదెలుగా, కండ్లు కనవడుతలేవా? నేనెవరినో ఎరుకలేదా?"

"ఎరుకే దొరా. మనిషి రావద్దు. మనిషి పోవద్దు. చేతిలోది చెయ్యి మారొద్దు. ఊరు పెట్టిన మాట."

"మా బావ పెట్టిన మాటరా అది! నాకేనా చెప్తున్నవ్?"

"ఎవరు పెడితేనేం దొరా. కాసేటోణ్ణి నేను."

బండి వెనక్కి తిరిగింది. ఆ సంగతి విని పటేలు అందరి ముందూ ఓదెలును మెచ్చుకున్నాడు. ఇంటికెళ్లాక భార్య చేత నానా మాటలూ పడ్డాడు. అది వేరే సంగతి.

మరొకనాటి మధ్యాహ్నం ఒక ఆడమనిషి వచ్చింది. చంకలో పసిబిడ్డ. ఏ ఊరో తెలియదు, పేరేమిటో తెలియదు. రాయి దాకా వచ్చి కూలబడింది.

"అన్నా, ఊళ్లకు రాను. దూపైతాంది. గుక్కెడు నీళ్లు పొయ్యి."

ఓదెలు తాగే నీళ్లకుండ రాయి పక్కనే, నీడలో ఉంది. ఆమె కళ్లు దాని మీదే ఉన్నాయి.

"మనిషి రావద్దు. మనిషి పోవద్దు. చేతిలోది..." అంటూ ఓదెలు ఆగిపోయాడు. చివరి మాట ఎలాగో అనేశాడు.

"నాకొద్దు. పోరనికి. నోరు తడిపితే సాలు."

ఓదెలు ఏం చేశాడో చెబుతాను, ఆయన్ను తిట్టుకోకండి. తలపాగా విప్పి కుండ మీద కప్పాడు, ఆమెకు కనబడకుండా. తరువాత మొహం అటు తిప్పుకున్నాడు. ఆమె కొంతసేపు కూర్చుంది. తరువాత లేచి తంగేడు పొదల వైపు నడిచింది. ఎండ దిగేసరికి ఆ పొదల మీద కాకులు వాలాయి.

ఆ రోజు ఓదెలు ఆ కుండలో నీళ్లు తాగలేదు. సంగతి తెలిసి ఊరివాళ్లు భుజం తట్టారు. "నీ పుణ్యాన మా పిల్లలు బతికిన్రు ఓదెలూ" అన్నారు. అది అబద్ధం కాదు. వాగు అవతల ఇళ్లకు ఇళ్లే ఖాళీ అయిపోతుంటే ఈ ఊళ్లో ఒక్కరికీ జబ్బు రాలేదు. కట్టు ఊరిని కాపాడింది. చిక్కంతా అక్కడే ఉంది. కట్టు చెడ్డదైతే ఈ కథ చెప్పడం ఎంతో తేలిక.

ఇంకొకనాటి సాయంత్రం మూడో మనిషి వచ్చింది. నడవలేక నడవలేక వచ్చింది. రాయికి కొంచెం దూరంలో ఆగి పిలిచింది.

"బాపూ, నేనే."

కొమురవ్వ. పెనిమిటి పోయాడు, అత్తా మామా పోయారు. తనకూ గత్తర తగిలింది, గుక్కెడు నీళ్లు పోసేవాళ్లు లేక తండ్రిని వెతుక్కుంటూ వచ్చింది. ఓదెలు కట్టె అడ్డం పెట్టలేడు, పక్కకు తీయలేడు. సంగతి తెలిసి ఊరంతా ఉరుకులు పరుగుల మీద వచ్చింది. రాయికి ఇవతలే నిలబడింది.

పటేలు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"ఓదెలూ, నీ బిడ్డ మా బిడ్డనే. రానియ్యి. ఎవరేమంటరు? రేపు మా బావమరిది మల్ల వస్తడు. ఆయనను గూడ రానిద్దాం."

"మా అక్క గూడ ఆడనే ఉన్నది" అంది ఒకావిడ.

"మా అత్తగారు..." అన్నాడు ఇంకొకడు.

ఓదెలు అందరి మొహాలూ చూశాడు. ప్రతి ఇంటికీ వాగు అవతల ఒకరు ఉన్నారు. తన బిడ్డ కోసం తాడు ఒక్కచోట తెంపితే ఇక ఆ తాడు ఎక్కడా నిలవదు. ఇన్నాళ్లూ బతికిన పిల్లలు రేపు వాంతులు చేసుకుంటారు. తెంపకపోతే కొమురవ్వ ఆ మట్టిలోనే పోతుంది.

"పటేలా, నీళ్లడిగినామె ఎవరి బిడ్డ?" అన్నాడు ఓదెలు.

పటేలు చూపు తంగేడు పొదల వైపు పోయింది.

"నా బిడ్డకు లేని కట్టు ఆమెకెందుకు పెట్టిన? పోరనికి నోరు తడపమన్నదే. కుండకు బట్ట కప్పిన పటేలా. నా చేతులతోని కప్పిన."

అని ఏడ్చాడు. పెద్ద మనిషి, ఊరందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాడు. కొమురవ్వ అవతల నుంచి, "ఏడ్వకు బాపూ, నేను పోత తియ్యి" అంది.

అప్పుడు ఓదెలు కట్టెను రాయి మీద పెట్టాడు. నీళ్లకుండ భుజానికెత్తుకున్నాడు. తాడు తెంపలేదు, కింద నుంచి వంగి అవతలికి దాటాడు.

"మనిషి రావద్దన్నరు, నా బిడ్డ రాదు. మనిషి పోవద్దన్నరు, నేను పోతున్న. ఆ తప్పు నాదే. మల్ల రాను. కట్టె ఇంకెవలైన పట్టుకోన్రి."

బిడ్డ తల ఒళ్లో పెట్టుకుని నీళ్లు తాగించాడు. పొదల దగ్గరికి వెళ్లి తల్లినీ పసిబిడ్డనూ ఒకే గుంటలో పూడ్చాడు. తాటికమ్మలతో చిన్న గుడిసె వేశాడు. మందూ మాకూ ఏవీ లేవు. నీళ్లు తాగించడం తప్ప ఆయనకు వచ్చిందేమీ లేదు. కొమురవ్వ తండ్రి చేతుల్లోనే పోయింది. ఆమెను ఆ తల్లి పక్కనే పూడ్చాడు.

ఆ తరువాత కూడా ఓదెలు కావలి మానలేదు. దారిన ఎవరు వచ్చినా ముందు నీళ్లు తాగించేవాడు, తరువాత చేతులు జోడించి, "ఊళ్లకు మాత్రం పోకున్రి" అనేవాడు. నీళ్లు తాగినవాళ్లు ఆ మాట విన్నారు. ఊరివాళ్లు రోజూ రాయి మీద ఇన్ని బియ్యం, ఇన్ని నీళ్లు, ఒక నిప్పుకణిక పెట్టి వెనక్కి జరిగేవారు. "ఓదెలూ!" అని పిలిచేవారు. "ఉన్న" అనేవాడు. వచ్చి తీసుకునేవాడు.

ఒక పొద్దున పిలిచారు. "ఓదెలూ!" పలకలేదు. మళ్లీ పిలిచారు. "ఓదెలూ!" పలకలేదు. మూడోసారి పిలిచారు. గుడిసెలోంచి సన్నగా ఒక మాట వినబడింది.

"నీళ్లు."

ఊరంతా విన్నది. రాయి మీద కుండ నిండుగా ఉంది. గుడిసె ఎంతో దూరం లేదు, కేకేస్తే అందేంత దూరం. దాటితే మళ్లీ ఊళ్లోకి రాకూడదు. ఎవరి పిల్లలు వాళ్లకు గుర్తొచ్చారు. పటేలు వెదురుగడ తెప్పించాడు. గడ చివర కుండ కట్టి చాపారు. అందలేదు. ఇంకో గడ కట్టారు. గడ వంగింది, నీళ్లు ఒలికిపోయాయి. "నీళ్లు" అని మళ్లీ వినబడింది. పటేలు తాడు మీద చెయ్యి వేశాడు. వేసి, అలాగే నిలబడిపోయాడు. మధ్యాహ్నం దాకా అందరూ అక్కడే నిలబడ్డారు. తరువాత ఏమీ వినబడలేదు.

కట్టులో మూడు మాటలూ ఆ రోజు నిలబడ్డాయి.

వానలు పడ్డాయి. గత్తర పోయింది. తాడు విప్పారు. ఓదెలును బిడ్డ పక్కనే పూడ్చారు. పటేలే తట్టతో మట్టి ఎత్తాడు. ఎవరూ ఎవరి మొహమూ చూడలేకపోయారు. వాళ్లలో ప్రతివాడూ బతికే ఉన్నాడు, వాళ్ల పిల్లలూ బతికే ఉన్నారు. అదే వాళ్లకు మింగుడు పడలేదు.

అప్పటి నుంచి ఆ ఊళ్లో ఒక పద్ధతి ఉంది. ఎవరినైనా వెలివేయాలన్నా, ఎవరికైనా లేదు పొమ్మని చెప్పాలన్నా, ఆ మాట నీడలో కూర్చుని చెప్పకూడదు. చెప్పేవాడు నిండుకుండ ఎత్తుకుని పొలిమేరకు నడవాలి. రాయి దాటి అవతల నిలబడాలి. ఓదెలూ అని మూడుసార్లు పిలవాలి. పిలిచి, కాసేపు ఆగాలి. ఎవరూ పలకరు. అప్పుడు, ఇంకా నోరు వస్తే, ఊరి వైపు తిరిగి తన మాట చెప్పాలి.

కొందరు చెబుతారు. చెప్పక తప్పని మాటలు కొన్ని ఉంటాయి. చాలామంది మాత్రం కుండ అక్కడే దించి, ఏమీ అనకుండా తిరిగి వస్తారు. ఆ నీళ్లు దారిన పోయేవాళ్లు తాగుతారు. ఎవరివని ఎవరూ అడగరు.

ఓదెలు మొదట చేసింది తప్పా, తరువాత చేసింది తప్పా, ఊరు చేసింది తప్పా అని నన్ను అడగకండి. నేను ఇవతల కూర్చుని కథ చెప్పేవాణ్ణి. మీరు కుండ ఎత్తుకోండి. రాయి దాటండి. పిలిచి చూసి, అప్పుడు చెప్పండి.