వెర్రినువ్వుల శాసనం

కొండలకు ఆనుకుని ఒకానొక రాజ్యం ఉండేది. దాన్ని ఏలే గజకేసరిదేవుడికి తన తెలివి మీద మహా నమ్మకం. ఆ నమ్మకాన్ని రోజూ ఎగదోయడానికి ఆస్థాన పండితుడు తర్కభూషణుడు ఉండనే ఉన్నాడు.

ఒక భాద్రపదంలో రాజు పండితుణ్ణి వెంటబెట్టుకుని కొండదారిన వేటకు వెళ్తూ, రాళ్లనేలలో మోకాలెత్తు పైరు చూశాడు. గుర్రం దాన్ని వాసన చూసి మూతి తిప్పేసుకుంది.

"ఏమిటీ మొక్క?"

"వెర్రినువ్వులు, ప్రభూ" అన్నాడు పక్కనున్న భటుడు.

తర్కభూషణుడు చెవులు మూసుకున్నాడు. "శివశివా! తమవంటి జ్ఞాని ఏలుబడిలో వెర్రి మొలవడమా! పొరుగురాజులు వింటే నవ్విపోరూ?"

రాజుకు మీసం అదిరింది. అక్కడికక్కడే శాసనం పుట్టింది: 'వెర్రి అన్నది ఏ రూపంలో కనబడినా పొలిమేర దాటించవలెను.'

మర్నాడు ఆ చేను దున్నుకునే బుద్రి అనే కొండరైతు కొలువుకు పరుగెత్తుకొచ్చింది.

"మారాజా, అది రాళ్లనేల. ఇంకేటీ పండదు. గొడ్లు దాన్ని ముట్టవు, అందుకే మేం తినే సోడిగింజల సేను సుట్టూ కంచెలాగ అదే యేస్తాం. గింజ గానుగాడితే నూనె, మిగిలిన పిండి సేనుకే ఎరువు. అది పీకేస్తే నా పిల్లలకి కూడేటి పెట్టాలి బాబూ?"

"శాసనం శాసనమే" అన్నాడు రాజు.

కొలువులో దీపాలు చూసుకునే పైడయ్యకు ప్రాణం ఉసూరుమంది. ఆ దీపాల్లో వెలిగేది ఆ గింజ నూనేనని అక్కడ అతనొక్కడికే తెలుసు. వత్తి ఎగదోస్తూనే నోరు విప్పాడు.

"ప్రభూ, ఇంతటి శాసనాన్ని బంట్రోతుల చేత మొదలుపెట్టిస్తారా? మొదటి మొక్క తమ చేత్తోనే పీకాలి. మేళతాళాలుండాలి. కార్తీకమైతే వానలు తగ్గుతాయి, చూడ్డానికి జనమంతా వస్తారు. అందాకా ఎవరూ ముట్టరాదని సెలవియ్యండి."

రాజు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. ముహూర్తం కార్తీకానికి పెట్టారు.

ఆ రోజు రానే వచ్చింది. ముందు మేళం, వెనక పల్లకీ, దాని పక్కనే భటులూ, తర్కభూషణుడూ, పైడయ్యా, ఆ వెనక బుద్రితో సహా జనం. కొండమలుపు తిరిగేసరికి మేళం ఆగిపోయింది. ఎవరూ ఆపమనలేదు, సన్నాయివాడు ఊదడమే మరచిపోయాడు.

కొండంతా పసుపు. ఆ పక్క కొండా పసుపే, దాని వెనక కొండా పసుపే. రాళ్లు ఎక్కడికి పోయాయో తెలియదు, వెర్రినువ్వుల పూలే పూలు. తేనెటీగల రొద వింటుంటే ఆ నేలే పాడుతోందా అనిపించింది. ఎన్నోసార్లు చెప్పిన కథే గాని, ఈ చోటికొచ్చేసరికి నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

రాజు పల్లకీ దిగాడు. కిరీటం అందులోనే వదిలేశాడు. పాదరక్షలు ఎక్కడ విడిచాడో అతనికే తెలియదు. రొమ్ములెత్తు పూలలోకి చేతులు చాచుకుని నడిచాడు. మీసమంతా పుప్పొడి, కళ్లనిండా నీళ్లు.

"ఇదంతా ఈ బండరాళ్లలోంచి వచ్చిందా పైడయ్యా? ఇంత అందం నా రాజ్యంలోనే ఉందా? అబ్బబ్బ, నాకు వెర్రెత్తిపోతోంది!"

పైడయ్య చటుక్కున భటుల వైపు తిరిగాడు.

"విన్నారుగా! వెర్రి ఏ రూపంలో కనబడినా పొలిమేర దాటించమని శాసనం. రండి, ప్రభువుల్ని పట్టుకోండి."

భటులు బిక్కచచ్చిపోయారు. తర్కభూషణుడు ముందుకొచ్చి, "ఆ వెర్రి వేరు, ఈ వెర్రి వేరు" అని నసిగాడు.

"అలాగా స్వామీ! మరి మొక్కను పేరొక్కటి చూసే పట్టుకున్నాం కదా" అన్నాడు పైడయ్య.

రాజు పండితుణ్ణి చూశాడు, పూలను చూశాడు, తన వట్టికాళ్లను చూసుకున్నాడు. పొట్ట పట్టుకుని పకపకా నవ్వాడు.

"దొరికిపోయానురా పైడయ్యా!" అంటూ తన చేతి కడియం తీసి అతని చేతికి తొడిగాడు. శాసనం చింపించాడు. తర్వాత బుద్రిని పిలిచాడు. "ఈ కొండ నీదీ, నీ పిల్లలదీ. పంటకు కూడా మంచి పేరు పెడుతున్నాను. ఇకమీదట ఇవి రాజనువ్వులు!"

బుద్రి కంగారుగా చేతులు జోడించింది.

"అంత పని సెయ్యొద్దు బాబూ! ఇన్నాళ్లూ రుసి లేక గొడ్లు ముట్టలేదు, వెర్రి అన్న పేరుండబట్టి పన్నులకొచ్చే తవరి మనుసులూ ముట్టలేదు."

రాజు మళ్లీ నవ్వాడు. ఈసారి ఆ నవ్వుకు పూలమీది తేనెటీగలన్నీ లేచాయి. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.