ఆవం పక్కన పుస్తకం

అనగనగా అని నేనంటాను. ఊఁ అని మీరనాలి. ఊఁ అనేవాళ్ళు లేకపోతే కథ గడప దాటదు.

అనగనగా రేగడికొండ అనే రాజ్యం. అక్కడ కోటకు దిగువన, ఏటి పక్కన, చెంగయ్య అనే కుమ్మరి ఉండేవాడు. అతని భార్య పేరు బంగారి. వాళ్ళ పిల్లి పేరు బూడిదమ్మ. కుండలు కాల్చే మట్టిగూడును ఆవం అంటారు. ఆ ఆవం పక్కన వెచ్చటి బూడిదలో పడుకునేది కాబట్టి పిల్లికి ఆ పేరు వచ్చింది. ఆ రోజుల్లో పిల్లులు మాట్లాడేవి. అయితే అవసరం పడితేనే మాట్లాడేవి.

చెంగయ్య చేసిన బానను వేలితో కొడితే గంటలా మోగేది. అంతటి పనివాడికి నడివయసులో చదువు మీద ఆశ పుట్టింది. పగలంతా మట్టి తొక్కేవాడు. దీపాలు పెట్టే వేళకు పంతులుగారి అరుగెక్కి ఇసుకలో అక్షరాలు దిద్దేవాడు. మొట్టికాయలు తిన్నాడు, మొండికేసి కూర్చున్నాడు, చివరికి కూడబలుక్కుని చదవడం నేర్చాడు. పంతులుగారు మెచ్చుకుని ఒక తాటాకుల కథల పుస్తకం ఇచ్చారు.

ముప్పు అక్కడే మొదలైంది.

ఆ ముందటి వేసవిలో కోటదారి మీద ఒక ముసలమ్మ గుక్కెడు నీళ్ళు దొరక్క కూలిపోయింది. మరి లేవలేదు. ఆ కబురు విన్న రాజు భీమదేవుడు ఆ పూట అన్నం ముట్టలేదు. చలి తగ్గగానే చెంగయ్యను పిలిపించాడు.

"ఎండలు ముదిరేలోగా దారి పొడవునా చలివేంద్రాలు పెడుతున్నాను. వాటికి బానలు నువ్వే చెయ్యాలి. ఏటి ఒడ్డున నువ్వు తవ్వుకునే బంకమట్టి గుంట కోటది. బానలు ఇవ్వలేకపోతే ఆ గుంట ఇంకో కుమ్మరికి ఇవ్వక తప్పదు."

మట్టి లేని కుమ్మరికి ఊళ్ళో ఏం పని? చెంగయ్య పరుగున ఇంటికొచ్చాడు. వెంటనే సారె ముందు కూర్చుని చక్రం తిప్పాడు. బానలు చేశాడు, ఎండబెట్టాడు, ఆవంలో పేర్చాడు, నిప్పు పెట్టాడు.

ఆవానికి నిప్పు పెట్టాక కన్ను తిప్పకూడదు. నల్లటి పొగ వస్తున్నంతసేపు కట్టెలు వెయ్యాలి. పొగ పలచబడి, లోపలి బానలు చింతనిప్పుల్లా కనబడగానే ఆపెయ్యాలి.

బంగారి గడ్డి తేవడానికి వెళ్తూ, "ఏమయ్యా, పొగ మీద కన్నుంచు" అంది.

"ఉంచాను, నువ్వెళ్ళు."

ఆమె మలుపు తిరగగానే చెంగయ్య పుస్తకం తీశాడు. కథలో ఒక గొల్లపిల్ల తాళ్ళవంతెన మీద సగం దూరం దాటింది. అవతలి ఒడ్డున మంత్రగాడు వంతెన ముడులు విప్పుతున్నాడు. ఆ చోట చదవడం ఆపేవాడు ఎవడైనా ఉంటాడా? చెంగయ్య కళ్ళు తాటాకు మీద ఉన్నాయి, చెయ్యి అలవాటు కొద్దీ కట్టెలు వేస్తూనే ఉంది.

"పొగ తెల్లబడింది" అంది బూడిదమ్మ.

"ఊఁ" అన్నాడు చెంగయ్య. ఇంకో కట్టె వేశాడు.

ఆవం చల్లారాక మొగుడూ పెళ్ళాలిద్దరూ విప్పి చూశారు. లోపల ఒక్క బాన లేదు. వంకర్లు పోయి, ఒకదానికొకటి అతుక్కుపోయి, నల్లటి దిబ్బ ఒకటుంది. ఊరంతా వచ్చి చూసింది. చెంగయ్య ఆవం పాడవడం ఎవరూ ఎరగరు.

బంగారి మెల్లగా అడిగింది. "ఇంతకీ ఆ గొల్లపిల్ల దాటిందా?"

"దాటింది."

"పోనీలే. మన ఇంట్లో అదొక్కతైనా గట్టెక్కింది."

కొద్ది రోజులకే ఉగాది వచ్చింది. ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. ఉగాది పచ్చడి తిన్నాక ప్రజలంతా కోటముందు చేరతారు. ఒక్కొక్కరే నగారా మీద చెయ్యి వేసి, కొత్త ఏడాదికి ఒక మాట ఇస్తారు. మొదట రాజు వేశాడు. "ఈ ఏడు నా దారిలో దాహంతో ఎవరూ కూలరు" అన్నాడు. మిఠాయిలు చేసే కామప్ప, పాకంలో ముంచిన వేలు నాకనన్నాడు. బంగారి, మొగుణ్ణి రోజుకు ఒక్కసారే తిడతానంది. "అది పొద్దున మొదలై సాయంత్రానికి అయిపోతుందా?" అని ఎవరో అంటే అందరూ నవ్వారు.

చెంగయ్య వంతు వచ్చింది. కోట వ్యవహారాలు చూసే పారుపత్యగాడు ఓబళయ్య అతని వైపు కళ్ళెర్రజేసి చూశాడు. "ఏం చెంగయ్యా, తాటాకులు బానలు కాలుస్తాయా? చెప్పు, ఏం మాట ఇస్తున్నావు?"

సిగ్గుతో చెంగయ్య తల వాలిపోయింది. "ఏడాదిపాటు పుస్తకం ముట్టను" అన్నాడు.

అందరూ మెచ్చుకున్నారు. బంగారి పుస్తకాన్ని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టింది. రెండో ఆవం పేర్చారు.

ఈసారి చెంగయ్య రెప్ప వేయకుండా పొగ చూశాడు. పలచబడగానే కట్టెలు ఆపాడు. పొయ్యినోరు మట్టితో మూశాడు. లోపల బానలు బ్రహ్మాండంగా కాలాయి. ఇక చెయ్యాల్సిన పనల్లా ఏమీ చెయ్యకుండా ఉండడమే. ఆవం తనంతట తాను చల్లారాలి.

ఆ పనే అతనికి చేతకాలేదు.

ఆవం చుట్టూ తిరిగాడు. ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడ్చాడు. గోడకు చెవి ఆనించి విన్నాడు. ఇదివరకు ఇలాంటప్పుడు పుస్తకం ముందేసుకుని కూర్చునేవాడు, ఎప్పుడు పొద్దుపోయిందో తెలిసేది కాదు. ఇప్పుడు పొద్దు కదలడం లేదు. లోపల బానలు ఎలా ఉన్నాయో ఏమో అని మనసు పీకేస్తోంది.

"ఒక్క చిన్న పెళ్ళ తీసి చూస్తాను" అన్నాడు.

బూడిదమ్మ ఆవం మీద ఒక పాదం మోపి వెనక్కి తీసుకుంది. "నా కాళ్ళు కాలుతున్నాయి. నేను ఎక్కి పడుకున్నాక తియ్యి."

"పిల్లి మాటకు కుమ్మరి ఆగుతాడా?" అన్నాడు చెంగయ్య. ఒక మట్టిపెళ్ళ తీశాడు. ఎర్రటి బాన నిగనిగలాడుతూ కనబడింది. ఆనందం పట్టలేక ఇంకో పెళ్ళ తీశాడు. ఏటి మీది చల్లగాలి రివ్వున లోపలికి దూరింది.

టప్పుమంది ఒకటి. టప్పుమంది ఇంకొకటి. ఆ తర్వాత లోపలంతా చిటపటలే.

బంగారి పరుగున వచ్చింది. చెంగయ్య చేతిలో మట్టిపెళ్ళతో అలాగే నిలబడి ఉన్నాడు. ఇక తిట్లు మొదలవుతాయని ఎదురుచూశాడు. ఆమె ఒక్క మాట కూడా అనలేదు. పగిలిన పెంకొకటి చేతిలోకి తీసుకుని చూస్తూ కూర్చుంది.

"తిట్టవే" అన్నాడు.

"ఇవాళ్టి తిట్టు పొద్దున్నే అయిపోయింది" అంది బంగారి. కాసేపాగి, "పుస్తకం పట్టినా పోయాయి, మానినా పోయాయి. మరి తప్పెక్కడుంది?" అని అడిగింది.

చెంగయ్య ఆమె పక్కన చతికిలబడి పెంకుల వైపు చూశాడు. కాలిపోయిన దిబ్బ ఒక పక్కన ఉంది, చీలిన పెంకులు ఒక పక్కన ఉన్నాయి. అతను లేచి, కండువా దులిపి, కోటకు నడిచాడు.

నిండు సభలో నగారా ముందు నిలబడి, "మహారాజా, నేను ఉగాదినాడు ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడానికి వచ్చాను" అన్నాడు.

వింజామర వీచేవాడి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఓబళయ్య ముందుకొచ్చాడు. "మాట తప్పేవాళ్ళను చూశాం. దొడ్డిదారిన తప్పుతారు. రాజుగారి ఎదుటికొచ్చి, తప్పుతున్నానని చెప్పేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను."

వెనక వరసలో కామప్ప వేళ్ళు గబుక్కున నడుము వెనక దాచుకున్నాడు. ఇంకా చాలామంది నేల చూపులు చూశారు.

"ఎందుకు తీసుకుంటావు?" అన్నాడు రాజు.

"సారె మీద కుండ వంకరగా వస్తే మేం దాన్ని అలాగే కాల్చం మహారాజా. ముద్ద చేసి మళ్ళీ చేస్తాం. నా మాట వంకరగా వచ్చింది. పుస్తకం తప్పు చెయ్యలేదు, నేను వేళ కాని వేళ పట్టుకున్నాను. నిప్పు మండుతున్నప్పుడు నా కళ్ళు ఆవానివి. చల్లారుతున్నప్పుడు పుస్తకానివి. ఇదీ నా కొత్త మాట." ఇలా అని నగారా మీద చెయ్యి వేశాడు.

రాజు లేచి కోటదారి వైపు చూశాడు. బయట ఎండ అప్పటికే కళ్ళు పొడుస్తోంది.

"ఇక పేర్చేది మూడో ఆవం" అన్నాడు. "ఇదీ పోతే గుంట నీది కాదు. నేనే వచ్చి చూస్తాను."

మూడో ఆవం పేర్చారు. నిప్పు మండినంతసేపు చెంగయ్య పొగను చూస్తూనే ఉన్నాడు. పుస్తకం అటక మీదే ఉంది. పొగ పలచబడింది. కట్టెలు ఆగాయి. పొయ్యినోరు మూశారు. అప్పుడు బంగారి తనే అటకెక్కి పుస్తకం దించి, దుమ్ము దులిపి, మొగుడి చేతికిచ్చింది.

మర్నాడు పొద్దున్నే రాజు వచ్చాడు. వెంట ఓబళయ్య ఉన్నాడు. రాజు గుర్రం దిగుతూనే, "ఏవీ బానలు? విప్పు" అన్నాడు.

"చల్లారలేదు మహారాజా."

"కోటదారిలో నిన్న ఒక బాటసారి సొమ్మసిల్లి పడిపోయాడు. ఎలాగో బతికాడు. నేనిచ్చిన మాట ఏం కావాలి? ఒక్క పెళ్ళ తీసి చూపించు."

ఒక్క పెళ్ళ అంటే ఏమిటో బంగారికి తెలుసు. రాజుగారి మాట కాదనడమంటే ఏమిటో కూడా తెలుసు.

చెంగయ్య పాకలో చాప పరిచాడు. "కూర్చోండి మహారాజా. ఒక గొల్లపిల్ల ఉండేది" అన్నాడు. పుస్తకం విప్పాడు.

ఓబళయ్య నోరు తెరిచాడు. "రాజుగారికి కథలు చెబుతావా?" అనబోయాడు. కాని అప్పటికే రాజు చాప మీద ఉన్నాడు.

చెంగయ్య చదివాడు. గొల్లపిల్ల గొర్రెలు తప్పిపోయాయి. ఆమె అడవి దాటింది. పాక బయట ఎండ నడినెత్తికొచ్చింది, పడమటికి వాలింది. రాజు ఆవం మాట ఎత్తలేదు. ఓబళయ్య కూడా జరిగి జరిగి చాప అంచు మీదికి వచ్చాడు. గొల్లపిల్ల తాళ్ళవంతెన ఎక్కింది. సగం దాటింది. మంత్రగాడి వేలు ఆఖరి ముడి మీద పడింది.

ఆవం మీంచి ఆవులింత వినబడింది. బూడిదమ్మ ఆవం నడిమికి ఎక్కి, కాళ్ళు చాచి, పడుకుంది. "ఇక ఇక్కడ హాయిగా ఉంది" అంది.

చెంగయ్య ఠపీమని పుస్తకం మూసేశాడు.

రాజు ముఖం మీదే పుస్తకం మూసిన మనిషిని ఓబళయ్య అంతవరకు చూడలేదు. ఓబళయ్య మొలలో కత్తి పిడి వెతుక్కున్నాడు.

"ఆ పిల్ల ఏమైంది?" అన్నాడు రాజు. గొంతు చిన్నపిల్లాడి గొంతులా ఉంది.

"ముందు బానలు దించాలి మహారాజా. పనికి వేళైంది."

రాజు అతని వైపు చూశాడు. ఆవం వైపు చూశాడు. లేచి, పట్టుకండువా నడుముకు బిగించి, మట్టిపెళ్ళలు తియ్యడానికి ఆవం దగ్గరికి వెళ్ళాడు. బంగారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె అత్తమామల నాడు కూడా ఇలాంటిది ఎవరూ విని ఉండరు.

మొదటి బాన బయటికొచ్చింది. బంగారి వేలితో కొట్టింది. గంటలా మోగింది. రెండోదీ మోగింది. ఒకదాని వెనక ఒకటి, పొద్దు గుంకేదాకా బానలు మోగుతూనే ఉన్నాయి. రాజు చేతులకు, మీసాలకు బూడిద అంటింది. ఆఖరి బాన దించి అతను చాప మీద కూలబడ్డాడు.

"ఇప్పుడు చెప్పు" అన్నాడు.

చెంగయ్య చేతులు కడుక్కుని పుస్తకం విప్పాడు.

ఆ వేసవిలో కోటదారి మీద దాహంతో ఎవరూ కూలలేదు. మట్టిగుంట చెంగయ్యదే అయింది. గొల్లపిల్ల అవతలి ఒడ్డు చేరింది, బూడిదమ్మ నిద్రపోయింది, మీరిక ఊఁ కొట్టడం ఆపవచ్చు.

పని మన కళ్ళు అడిగే వేళ పుస్తకం మూయాలి, పని మన ఓపిక అడిగే వేళ పుస్తకం తెరవాలి.