లక్క మూత వేసిన లెక్కల పెట్టె

ఏటి ఇసుక సంగతి మొదట కనిపెట్టింది ఉడుతో ముంగిసో నాకిప్పుడు నిశ్చయంగా గుర్తు లేదు. ఉడుతేనని చెబుతాను, పొరపాటైతే ముంగిస నన్ను క్షమించాలి.

ఆ అడవిలో ఏదుపంది వెదురు గొట్టాలూ గురివింద గింజలూ కూర్చి ఒక లెక్కల పెట్టె చేసింది. ఏటి నీటిమట్టం చూసి గింజలు కదిపితే, వరద గట్టెక్కడానికి ఎన్ని రోజులుందో అది చెప్పేది. వారానికోసారి జంతువులన్నీ తమ పెట్టెలతో నల్లబండ మీద చేరేవి. అక్కడ ఒకటే ఆచారం: పెట్టె మూత తీసి ఉండాలి. ఎవరైనా చూడవచ్చు, అలాంటిది చేసుకోవచ్చు, తప్పుంటే దిద్దవచ్చు.

నక్క కూడా చూసింది, చేసుకుంది. ఆ తరువాత బండ వైపు రాలేదు. అలాంటి పెట్టెలే చేసి, లక్కతో మూత బిగించి, ఒక్కొక్కటి ఒక తేనెపట్టుకు ఇవ్వసాగింది. మూత తెరిచినవాడు దొంగ అని చాటించింది కూడా.

ఏదుపంది వెళ్లి నిలదీసింది. “నేను చేసినదాన్ని నేను తెరిస్తే దొంగనా?”

“నువ్వు చేసింది పెట్టె, మామా. నేను చేసింది మూత. తెరిచేది మూతనే కదా,” అంది నక్క.

ఏళ్ల తరబడి దిద్దిన చేతులను దొంగచేతులనడం! ఆ మాట మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు.

పల్లపు బొరియలో నలుగురు పిల్లలతో ఉండే కుందేలు కూడా లక్క పెట్టెనే తీసుకుంది. తెరిచి దిద్దుకునే తీరిక దానికెక్కడిది? దాన్ని నేను తప్పుపట్టను.

ఆ ఏడు ఏటి అడుగున ఇసుక మేట వేసి లోతు తగ్గింది. గింజ ఒకటి పక్కకు జరిపితే తప్ప లెక్క నిలవదని ఉడుత పసిగట్టి, బండ మీద అందరికీ చూపించింది. మరుసటి వారమే నీరు ఎర్రబడింది. ఉడుత, ఏదుపంది పల్లానికి పరుగెత్తాయి.

“వదినా, సాయంత్రానికి వరద. లే,” అంది ఉడుత.

“నా పెట్టె నాలుగు రోజులంటోందే?”

“మూత తియ్యి, చూపిస్తాను.”

“నన్ను దొంగననిపించకు, మరిదీ.”

ఏదుపంది ముల్లుతో లక్క పెకలించి గింజ జరిపింది. లెక్క మారింది: ఈ సాయంత్రమే. “దొంగతనం నా ఖాతాలో వేసుకుంటాను. నువ్వు పిల్లల్ని పట్టుకో,” అంది.

పిల్లల్ని బండ మీదికి చేర్చి ఉడుత వెనక్కి వచ్చింది. ఆ పల్లంలోనే, తన గుహలో కూడబెట్టిన తేనెపట్ల మధ్య నక్క కూర్చుని ఉంది.

“నక్క బావా, నీ పెట్టె తెరిచి చూసుకో. లెక్క తప్పు.”

“నా మూత నేనే తెరిస్తే రేపు ఎవరు కొంటారు?” అంటూ నక్క కదల్లేదు.

సాయంత్రానికి గుహా తేనే ఏటిపాలయ్యాయి. నీటి మీదికి వంగిన తుమ్మకొమ్మ పట్టుకుని వేలాడుతున్న నక్క చంకలో పెట్టె ఇంకా నాలుగు రోజులనే చెబుతోంది.

పదిమంది దిద్దుకునేదాన్ని ఒకడు మూసేస్తే, దానిలోని తప్పు కూడా వాడి సొంతమవుతుంది.

ఒక సంగతి కావాలనే దాటవేశాను. నక్క చెట్లెక్కలేదు, లక్క చెట్ల కొమ్మల మీద ఉంటుంది. దాన్ని గీకి తెచ్చిపెట్టినవాళ్లు నల్లబండ మీద మా పక్కన కూర్చునేవాళ్లే. వాళ్ల పేర్లు మాత్రం నాకు బాగా గుర్తున్నాయి.