పైడి నోరు విప్పింది

అనగనగా సముద్రం పక్కన ఒక పెద్ద ఊళ్ళో, ఒక మేడలో, పైడి అనే పిల్ల ఉండేది. ఎంత పిల్లనుకున్నావు? నీ అంతే. నీలాగే ముందు పళ్ళూడి కొత్తవి వస్తున్నాయి.

వాళ్ళమ్మది కొండ కింద పల్లె. ఆ మేడగల ఇందుమతి గారు అక్కడికి వెళ్ళి, "పిల్లని నాతో పంపు, బడిలో వేస్తాను" అంది. అమ్మ నమ్మింది. బడీ లేదు, గిడీ లేదు. పొద్దున అంట్లు, ఆ తర్వాత బట్టలు, ఆ తర్వాత ఆవిడ కొడుకు చింటూని ఎత్తుకోవడం. ఎవరైనా అడిగితే మాత్రం "మా పిల్లలాంటిదే" అనేది తియ్యగా. ఆ మాట తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుందే అమ్ములూ!

అప్పుడు ఎదురింటివాళ్ళు ఫోన్ చేస్తే సువార్తమ్మ వచ్చింది. పిల్లలకి అన్యాయం జరిగిన చోటికి వెళ్ళి నిలదీయడమే ఆవిడ ఉద్యోగం.

"నీ పేరేంటమ్మా?" అని పైడిని అడిగింది.

"పైడి" అంది ఇందుమతి గారు.

"బడికి వెళ్తున్నావా?"

"వచ్చే ఏడు వేస్తాం" అంది ఇందుమతి గారే.

"అన్నం తిన్నావా?"

"మాతోపాటే తింటుంది." అదీ ఆవిడే. పైడి నోరు తెరవడం, మూసుకోవడం, అంతే.

సువార్తమ్మ అటు వెళ్ళగానే ఇందుమతి గారు పైడి చెవి మెలిపెట్టింది. "దాంతో మాట్లాడావంటే నిన్నూ మీ అమ్మనూ జైల్లో వేస్తారు" అంది. పచ్చి అబద్ధం! పైడి అది నిజమనుకుంది.

ఆ తర్వాత సువార్తమ్మ మళ్ళీ వచ్చింది. గేటుకి తాళం. మేడ మీంచి ఆ ఇంటాయన "నేనెవరో తెలుసా?" అని అరిచాడు.

"తెలుసుకోడానికే వస్తున్నానండీ" అంది సువార్తమ్మ.

మూడోసారి పోలీసమ్మని వెంటబెట్టుకుని వచ్చింది. గేటు తెరవక చస్తారా!

"అడగండి, ఏం చెబుతుందో" అంది ఇందుమతి గారు ధీమాగా.

"అడుగుతాను. మీరు బయట నిలబడండి."

"నా ఇంట్లోంచి నేను బయటికా?"

"అవునండీ, మీరే."

అప్పుడు సువార్తమ్మ తలుపు వేసి, పైడి పక్కన నేలమీద చతికిలబడింది. ఏమీ అడగలేదు. పిల్లల్ని ఏమని బెదిరిస్తారో ఆవిడకి తెలీదా? "నిన్ను జైల్లో వెయ్యరు. మీ అమ్మనీ వెయ్యరు. తప్పు నీది కాదు తల్లీ" అంది.

పైడి భోరున ఏడ్చింది. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, గట్టిగా అంది. "నాకు మాయమ్మ కావాల. నాను బడికెల్తాను."

చెయ్యి పట్టుకుని ఇద్దరూ బయటికొచ్చారు. "సొంత పిల్లలా చూసుకున్నానే! విశ్వాసం లేదుటే?" అంది ఇందుమతి గారు.

పైడి తలెత్తి ఆవిడ కళ్ళల్లోకి చూసింది. "అయితే సింటూ బాబుని మా యింటికి అంపండమ్మగారూ. మాయమ్మా సొంత పిల్లడిలాగే సూసుకుంటాది. అంట్లు తోమిస్తాది."

ఇందుమతి గారు గభాలున చింటూని చంకకెత్తుకుంది.

ఆవిడ మీద కేసు పడింది. కబురందగానే వాళ్ళమ్మ పరుగున వచ్చి పైడిని గుండెకి హత్తుకుంది. సువార్తమ్మ ఆ పిల్లని వాళ్ళ ఊరి బడిలో చేర్పించి, ఇంకో ఇంటి గేటు కొట్టడానికి వెళ్ళింది.

కథ వెళ్ళింది కంచికి,
పైడి వెళ్ళింది బడికి,
భయం పోయింది గంగకి,
నువ్విక పోవే నిద్రకి!