ఎర్రయ్య తిరిగి తెచ్చిన నలుపు

అనగనగా ఒక ఎండ. మరీ అంత అనగనగా కాదు లెండి, ఊళ్ళలోకి మోటారు సైకిళ్ళు వచ్చాకే. ఆ ఎండ కింద, సముద్రపు గాలి తగిలే ఒక కూడలి. కూడలిలో వరసగా బళ్ళు బాగుచేసే షెడ్లు. చిట్టచివరి షెడ్డు నీడలో ఎర్రయ్య.

ఇంజను విప్పేవాళ్ళంతా మేస్త్రీలు. ఎర్రయ్య ఇంజను ముట్టుకోడు. ఎండకి తెల్లబోయిన ప్లాస్టిక్ మడ్‌గార్డులూ, సైడు డొప్పలూ మళ్ళీ నల్లగా చేస్తాడు, అంతే. "రుద్దుకునేవోడికి మేస్త్రీ పిలుపేటి?" అని అందరికీ వేళాకోళం. ఎర్రయ్య నవ్వి ఊరుకునేవాడు గానీ, ఆ పిలుపంటే చెవి కోసుకునేవాడు.

ఒకనాడు నీలవేణి బండి తోసుకుంటూ వచ్చింది. అది ఆమె మొగుడు ఇంటింటికీ పాలు తిప్పిన బండి. ఆయన పోయి ఏడాది. ఏడాదంతా బండి వాకిట్లో ఎండింది. ఇక పాలు నేనే తిప్పుతానంది నీలవేణి. బావగారు ససేమిరా అన్నాడు.

"ఈ బూడిద బండి మీద మా ఇంటి కోడలు తిరిగితే నాను తలెత్తుకోనేను. శనివారం ఇనపసామాన్లోడికి ఇచ్చేస్తాను."

నీలవేణి ఊరుకుందా? మొదట పాత ఇంజనాయిలు పూసింది. ఒక్క పూట మెరిసింది, దుమ్మంతా అంటుకుంది. తరవాత కొబ్బరినూనె పూసింది. రెండు పూటలు మెరిసింది, చీమలు పట్టాయి. చివరికి బూటు పాలిష్ పూసింది. వాన పడింది, నలుపంతా చీరకి కారింది.

"రంగు సచ్చిపోనాది బాబూ," అని ఇప్పుడు ఎర్రయ్య దగ్గర ఏడ్చింది.

ఎర్రయ్య బండి చుట్టూ తిరిగాడు. పాల క్యాను రాసుకోకుండా ఆమె మొగుడు డొప్పకి కట్టిన గోనె పట్టా ఒకటి కనిపించింది. ముడి విప్పాడు. దాని కింద నిగనిగలాడే నలుపు!

"సూడమ్మా, ఇది నీ పెనిమిటి దాసిన నలుపు. దీన్ని నాను ముట్టుకోను. మిగతాది కూడా ఇలాగే వస్తాది. ఈ తెల్లపొర పైపైనే. రంగు పోనేదు. నోపలే ఉంది."

డొప్ప విప్పి శీకాయ నీళ్ళతో కడిగాడు. తడి గరుకు కాగితంతో తెల్లపొర తీశాడు. ఆపైన పంపుస్టౌ సెగకి చూపించాడు. ఒక్క ఊపిరిసేపే. రెండో ఊపిరి తీస్తే డొప్ప వంగిపోతుంది. మొదటి సెగకి బూడిద పోయింది. రెండో సెగకి మబ్బు రంగు వచ్చింది. మూడో సెగకి నలుపొచ్చింది. అన్ని డొప్పలూ అలాగే చేసి, గోనె పట్టా మళ్ళీ అదే చోట కట్టాడు.

శనివారం బావగారు ఇనపసామాన్లవాణ్ణి వెంటబెట్టుకునే వచ్చాడు. డొప్ప మీద చేత్తో మూడుసార్లు రాశాడు. మూడుసార్లూ అరచెయ్యి చూసుకున్నాడు. ఒక్కసారీ నలుపు అంటలేదు. ఇనపసామాన్లవాణ్ణి పంపేసి, పాల క్యాన్లు తనే ఎత్తి బండికి కట్టాడు.

ఏళ్ళు గడిచాయి. ఎర్రయ్య పోయిన రోజున నీలవేణి ఆ బండి మీదే వచ్చింది. షెడ్లన్నీ మూసేశారు. "మా మేస్త్రీ పోనాడు," అని అందరికంటే ముందు ఏడ్చింది ఆ ఇంజన్లు విప్పేవాళ్ళే. బతికుండగా ఒక్కసారి అని ఉంటే ఎంత మురిసిపోయేవాడో పాపం!

ఇప్పటికీ ఆ వైపు కొత్త బండి కొంటే, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాక డొప్పకి వేలెడు గోనె పట్టా కడతారు. ఎవరైనా దిగులుపడి కూర్చుంటే వీపు మీద మూడుసార్లు చేత్తో రాస్తారు.

"పోనేదు. నోపలే ఉంది. ఎర్రయ్య మేస్త్రీ సెప్పినాడు," అంటారు.