దారం అవతలి కొస

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక కొండ, కొండ కింద ఒక వాగు. వాగు పక్కన పల్లంలో చిన్న చిన్న జంతువుల కాపురాలు. అక్కడే కంకమ్మ అనే ఎలుక తన ముగ్గురు పిల్లలతో ఉండేది.

పల్లంలో తిండికి లోటు లేదు. ఉన్నది ఒకటే భయం. కొండ మీద వాన పడితే వాగు పొంగుతుంది. కింద ఎండ కాస్తుండగానే నీళ్లు వచ్చి పడతాయి. అందుకే ఎండాకాలం చివర్లో ఎలుకలు మెరక మీద ఇంకో కలుగు తవ్వుకునేవి. దాచుకున్న కంకులన్నీ అక్కడికి మోసుకునేవి. కంకమ్మ కూడా ఏటా తవ్వేది. గోళ్లు అరిగిపోయేవి. అయినా తవ్వేది.

ఆ ఏడు పల్లానికి ఒక సాలీడు వచ్చింది.

"కొండ కొమ్ము నుంచి మీ గుమ్మాల దాకా దారం కడతాను. పైన మావాళ్లు కాపలా ఉంటారు. చినుకు పడగానే దారం లాగుతారు. ఇక్కడ మీ గుమ్మంలో దారం ఊగుతుంది. మీరు పిల్లల్ని తీసుకుని మెరకకు వెళ్లిపోవచ్చు" అంది.

"మరి నీకేం కావాలి?" అన్నాయి జంతువులు.

"గింజలు కుప్ప పోయండి. గింజలకు పురుగు చేరుతుంది. ఆ పురుగే మావాళ్ల తిండి. ఒక కంకి ఇస్తే ఒక ఆకు ఇస్తాను. ఆకు ఉన్నవాళ్లకు దారంలో వాటా. రేపు అవతలి గట్టువాళ్లు కూడా ఈ దారం వాడుకుంటారు. వాళ్లిచ్చే గింజల్లో మీకూ భాగం వస్తుంది."

మాట బాగుంది. పని మొదలైంది. పొద్దున్నే ఎండలో దారం వెండిలా మెరిసేది.

సాయంత్రమైతే అందరూ వాగు పక్కన బండ దగ్గర చేరేవారు. అందరికంటే ఎత్తున చెవులయ్య కూర్చునేవాడు. చెవులయ్య కుందేలు. వాడి దగ్గర ఆకులు ఎక్కువ.

"నిన్న ఆకుకు ఒక కంకి. ఇవాళ రెండు!" అన్నాడు.

"రెండు ఎవరిచ్చారు మామా?" అంది కంకమ్మ.

"నేనిచ్చాను" అంది ఉడుత. "రేపు మూడవుతుందిగా!"

కంకమ్మ ఇంటికి వచ్చింది. మర్నాడు మెరక మీద తవ్వుతూనే ఉంది.

రెండో సాయంత్రం ఆకు మూడు కంకులైంది. ఉడుత నవ్వింది. "కంకమ్మ వదినా, ఆ గోళ్ల నిండా మట్టేమిటి? దారం వచ్చాక కూడా గుంటలు తవ్వేది నువ్వొక్కదానివే!" బండంతా నవ్వింది. పక్కింటి కౌజు పిట్ట మాత్రం నవ్వలేదు. అది కూడా ఇంకా గింజలు ఇవ్వలేదు.

మూడో సాయంత్రం ఐదు కంకులైంది. "ఇక దారం ఒంటిపోగు కాదట. వెడల్పు అల్లికట! అడవి కబుర్లన్నీ ఒక్కసారే వస్తాయట!" అన్నాడు చెవులయ్య. కొండ మాట గాని, వాన మాట గాని ఎవరూ ఎత్తలేదు.

ఇంటికి వెళ్లి కంకమ్మ పిల్లల వంక చూసింది. అందరూ బాగుపడుతున్నారు. నేనొక్కదాన్నే వెనకబడిపోతున్నానా అనుకుంది. అయినా దారం పైదాకా ఉందో లేదో ఒకసారి చూసి, ఆ తర్వాతే కంకులు ఇద్దామనుకుంది. తెల్లవారగానే దారం వెంట కొండ ఎక్కసాగింది.

సగం దూరంలో ఒక మోదుగ చెట్టు. అక్కడికి వెళ్లేసరికి వెనక నుంచి చెవులయ్య గెంతుకుంటూ వచ్చాడు.

"ఎక్కడికే?"

"అవతలి కొస చూసొద్దామని."

"పిచ్చిదానా! నువ్వు చూసి దిగేసరికి ఆకు ఏడు కంకులవుతుంది. ఇంతమంది ఇచ్చారే, వాళ్లంతా చూడకుండానే ఇచ్చారంటావా?"

కంకమ్మ పైకి చూసింది. దారం ముందున్న ముళ్లపొదలోకి వెళ్లింది. ఆ తర్వాత కనిపించలేదు. కిందికి చూసింది. అప్పుడే గింజల కుప్ప దగ్గర జనం తోసుకుంటున్నారు.

కంకమ్మ వెనక్కి తిరిగింది.

మధ్యాహ్నానికల్లా దాచిన కంకులన్నీ కుప్పలో పోసింది. ఆకులు తెచ్చి కలుగు గోడకు గుచ్చింది. మెరక మీది కలుగు సగంలోనే ఆగిపోయింది.

ఆ సాయంత్రం చెవులయ్య గొంతెత్తాడు. "చూశారా! ఆచి తూచి అడుగేసే కంకమ్మే కొండకు వెళ్లొచ్చి మరీ ఇచ్చింది. ఇంకేం కావాలి?"

నేను చూడలేదు అని చెప్పబోయింది కంకమ్మ. అంతలో ఉడుత జరిగి బండ మీద చోటిచ్చింది. "రా వదినా, కూర్చో." కంకమ్మ కూర్చుంది. ఆ మాట నోట్లోనే ఉండిపోయింది.

కౌజు పిట్ట లేచి, గింజలు తేవడానికి ఇంటికి వెళ్లింది.

ఇక రోజూ సాయంత్రం కంకమ్మ బండ దగ్గరే. ఒకనాడు కింద ఎండ కాస్తోంది. కొండ మీద నల్లగా మబ్బు పట్టింది. కంకమ్మ అటు చూసింది. లేవబోయింది. తన గుమ్మం వైపు చూసి, దారం ఊగలేదుగా అనుకుని మళ్లీ కూర్చుంది.

వాగు ఒక్కసారిగా వచ్చింది.

కంకమ్మ పరుగెత్తింది. పెద్దదాన్ని నోట కరుచుకుని మెరకకు చేర్చింది. సగం తవ్విన కలుగులో పెట్టింది. మళ్లీ దిగి రెండోదాన్ని తెచ్చింది. మూడోసారి దిగేసరికి గుమ్మం మీదుగా నీళ్లు పారుతున్నాయి. లోపలి నుంచి ఆకులు ఒక్కొక్కటే తేలుతూ బయటికి వచ్చాయి. బుజ్జిది రాలేదు.

నీళ్లు తీశాక కంకమ్మ కొండ ఎక్కింది. మోదుగ చెట్టు దాటింది. ముళ్లపొదలోకి దూరింది. దారం అక్కడే ఒక ముల్లుకు కట్టి ఉంది. పక్కన సాలీడు ముడుచుకుని కూర్చుంది.

"పైదాకా ఎందుకు కట్టలేదు?"

"కట్టాలనే మొదలెట్టాను తల్లీ. ఆకుల ధర పెరిగేసరికి మావాళ్లు పోగులు వదిలేసి బండ దగ్గర చేరారు. ఎవరైనా వచ్చి అడుగుతారని భయపడ్డాను. ఒక్కరూ రాలేదు."

"నేను వచ్చాను. ఆ చెట్టు దాకా" అంది కంకమ్మ.

కింద కౌజు పిట్ట కొట్టుకుపోయిన గూటి చోట నిలబడి ఉంది. దాని గుడ్లు ఒక్కటీ మిగల్లేదు.

"అక్కా, నువ్వు చూసొచ్చావనే కదా నేనూ ఇచ్చాను" అంది.

"చూడలేదు చెల్లీ. అప్పుడే చెప్పాల్సింది."

కౌజు ఏడ్చింది.

మరుసటి ఎండాకాలం బండ దగ్గర మళ్లీ జనం చేరారు. గింజలిస్తే లాభమంటూ ఎవరో కొత్త మాట తెచ్చారు. చెవులయ్య అటుగా మట్టి మోసుకుపోతున్న కంకమ్మను పిలిచాడు. "నువ్వేమంటావు కంకమ్మా? మంచిదే కదూ?"

కంకమ్మ ఆగింది. అందరికీ వినపడేలా గట్టిగా చెప్పింది.

"నేను చూడలేదు."

తర్వాత పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని మెరకకు వెళ్లింది.

నీతి: చూడనిది చూడలేదని చెప్పాలి. మన మౌనాన్ని నమ్మి ఇంకొకరు తమ ఇంటినే పణం పెట్టవచ్చు.