గుబురయ్య ఊడ్చిన చేను

అనగనగా ఒక అడవి చివర, వాగు ఒడ్డున, గుబురయ్య అనే ఎలుగుబంటి చిలగడదుంపలు పండించేవాడు. ఒంటి నిండా దుమ్ము, జుట్టు నిండా పల్లేరుకాయలు. చేను మాత్రం అద్దంలా ఉండాలంటాడు.

ఆ ఏడు రాలిన ఆకులన్నీ ఊడ్చి తగలబెట్టాడు. మట్టి పిండిలా అయ్యేదాకా మళ్లీ మళ్లీ దున్నాడు. అదీ చాలక, మందులమ్మే ఒక నక్క దగ్గర్నుంచి పురుగుల మందు తెచ్చాడు.

పొడుగమ్మ అనే ముసలి వానపాము మట్టిలోంచి తల బయటపెట్టింది.

"అల్లుడూ, మా తిండి కాల్చేశావు. మా ఇళ్లు కూల్చేశావు. ఆ మందు కూడా చల్లితే మేం బతకం."

"నువ్వు చేసే పనేముంది అత్తా? పొద్దస్తమానం మట్టి తినడమేగా."

"అదే మా పని," అంది పొడుగమ్మ.

గుబురయ్య నవ్వి మందు చల్లాడు. బతికినవాళ్లను వెంటబెట్టుకుని పొడుగమ్మ వాగు గట్టు పొదల్లోకి వెళ్లిపోయింది. గుబురయ్య గట్టు మీద కూర్చుని, శుభ్రమైన చేను చూసుకుని మురిసిపోయాడు.

వాన పడింది. వానపాముల బొరియల్లేక నీళ్లు ఇంకలేదు. పైమట్టిని ఊడ్చుకుని వాగులోకి పోయాయి. ఎండకు నేల పెచ్చు కట్టింది. తవ్వితే దుంపలు గుబురయ్య గోళ్లంత సన్నగా ఉన్నాయి. ఆ చలికాలమంతా సగం కడుపుతోనే గడిపాడు.

చివరికి సిగ్గు చంపుకుని పొదల దగ్గరికి వెళ్లాడు.

"తప్పయింది అత్తా. తిరిగి రండి."

"వస్తే ఏం పెడతావు?"

గుబురయ్య తల గోక్కున్నాడు. పొడుగమ్మే దారి చెప్పింది.

"ఆకులు నేల మీద పరుచు. ఊరికే దున్నకు. మందు జోలికి పోకు. తిండి ఉంటే పిలవకపోయినా వస్తాం."

అలాగే చేశాడు. కొన్నాళ్లకు పరిచిన ఆకులకు తెల్లటి బూజు పట్టింది. చూడలేక, చీపురు పట్టుకునే పొదల దగ్గరికి పరిగెత్తాడు.

"బూజు పట్టింది అత్తా. ఊడ్చేయనా?"

"అదే మా వంట అల్లుడూ. బూజు ఆకును మెత్తబరుస్తుంది. మేం తింటాం. మేం వదిలిన మట్టే నీ దుంపలకు బలం. ఆ చీపురు అవతల పెట్టు."

ఏడాది పట్టింది. చీమలొచ్చాయి, రోకలిబండ పురుగులొచ్చాయి, పొడుగమ్మ తన వాళ్లతో వచ్చింది. తర్వాతి వానకు నీళ్లు నేలలోకి దిగాయి.

పంట తవ్వేనాడు గుబురయ్య తన తలకాయంత దుంప పైకి తీశాడు. ఒక పక్క ఎవరో కొరికిన గుర్తుంది.

"ఇదెవరి పని అత్తా?"

"నీ చేలో పనిచేసినవాళ్లలోనే ఎవరో అయ్యుంటారు."

గుబురయ్య దుంప మీది మట్టి దులిపాడు. కొరికిన ముక్క విరిచి, వాళ్ల వాటాగా మట్టిలో కప్పాడు. మిగతాది అక్కడే కూర్చుని తిన్నాడు.

నీతి: నేలలోని చిన్న ప్రాణులకు తిండి ఉంటేనే, నేల మనకు తిండి పెడుతుంది.